కారు వాళ్లకి బైకు కనపడాలంటే: బేస్‌మెంట్‌లో ఒక ఆదివారం పొద్దున

గుద్దుకున్న బండి షాపుకి వచ్చిందంటే, దాన్ని చూసే సగం కథ చెప్పేయొచ్చు. ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు రాడ్లు) వెనక్కి వంగి చక్రం ఇంజన్‌కి తగులుతుంటే ఎవరో అడ్డంగా వచ్చారు. ఎడమ హ్యాండిల్‌కి, ఎడమ మోకాలి ఎత్తులో మాత్రమే దెబ్బ ఉంటే ఆగి ఉన్న కారు డోరు తీశారు. ఒక పక్క ఫుట్‌రెస్టూ లివర్ చివరా గీసుకుపోయి, మిగతాదంతా బాగుంటే బండి జారింది.

మాది మదనపల్లె. బెంగళూరులో మారతహళ్లి పక్కన చిన్న టూవీలర్ షాపు నడుపుతున్నాను. చుట్టూ అపార్ట్‌మెంట్లే, కస్టమర్లలో సగం మన తెలుగువాళ్లే. గుద్దిన కారాయన కూడా ఖర్చు మాట్లాడుకోడానికి చాలాసార్లు షాపు దాకా వస్తాడు. వచ్చిన ప్రతి ఒక్కరూ అనే మాట ఒకటే: "అసలు కనపడలేదన్నా." బైకు కుర్రాళ్లు అది అబద్ధం అనుకుంటారు. నేను అనుకోను. చాలాసార్లు నిజంగానే కనపడదు. కారులో కూర్చుంటే బైకు ఎక్కడెక్కడ మాయమవుతుందో ఆయనకి ఎవరూ చూపించలేదు, అంతే. లిఫ్టు పక్కన "జాగ్రత్తగా నడపండి" అని పోస్టర్ అంటిస్తే అది తెలిసిపోదు. అందుకే మీ అపార్ట్‌మెంట్‌లోనో ఆఫీసులోనో బైకు భద్రత గురించి ఏదైనా చేయాలనుకుంటే మైకు పెట్టకండి. కారు తీయించి, బైకు నిలబెట్టి, చూపించండి. మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో నేను చేయించే పద్ధతి రాస్తున్నాను.

పిలవాల్సింది ఎవరిని

బైకు భద్రత సభ అనగానే బైకు వాళ్లని కూర్చోబెట్టి హెల్మెట్ గురించి చెబుతారు. చెప్పాల్సిందే. కానీ అడ్డంగా తిరిగే కారు, డోరు తీసే క్యాబ్, ఎడమకి కోసే బస్సు ఆ సభలో ఉండవు. కాబట్టి ముందు కారు ఓనర్లు రావాలి. వాళ్ల డ్రైవర్లు, స్కూల్ వ్యాన్ డ్రైవరు, గేటు దగ్గర స్టాండు పెట్టుకున్న ఆటోవాళ్లు, వాచ్‌మన్లు కూడా రావాలి. డ్రైవర్లని వదిలేసి ఓనర్లని మాత్రమే పిలిచే మీటింగులు నాకు నచ్చవు. రోజంతా స్టీరింగ్ పట్టుకునేది ఎవరు?

ఆదివారం టిఫిన్లయ్యాక పది గంటలకి మొదలుపెట్టి, పదకొండున్నరకి ముగించండి. పండగ సెలవులు కలిసొచ్చే వారం వద్దు. శుక్రవారం సాయంత్రమే సగం అపార్ట్‌మెంట్ టిన్ ఫ్యాక్టరీ స్టాపులో బస్సెక్కి ఊళ్లకి పోయుంటుంది. జనవరిలో ప్రభుత్వం రోడ్డు భద్రత కార్యక్రమాలు పెడుతుంది. అప్పుడైతే మీ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో ముందుగా ఒక లెటర్ ఇచ్చి ఎవరినైనా పంపమని అడగండి. వస్తే యూనిఫాం ఉంటుంది కాబట్టి జనం కాస్త శ్రద్ధగా వింటారు. ప్రసంగం మాత్రం పది నిమిషాలు దాటనివ్వకండి.

లెక్క ఒక్కటి చాలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో దాదాపు 75 వేల మంది టూవీలర్ మీద ఉన్నవాళ్లే. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. చెప్పి ఆపేయండి, ఇంకో అంకె చదివితే ఫోన్లు బయటికొస్తాయి. రక్తం కనిపించే వీడియోలు అసలే వద్దు. పిల్లలున్నవాళ్లు లేచి వెళ్లిపోతారు. ఉన్నవాళ్లకి ఆ రక్తం గుర్తుంటుంది గానీ, రేపు పొద్దున టర్నింగులో ఏం చేయాలో గుర్తుండదు.

కావాల్సినవి

ఒక పెద్ద ఎస్‌యూవీ, ఒక చిన్న కారు, ఒక బైకు, ఒక స్కూటీ. సుద్దముక్కలు. ప్లంబర్ దగ్గరుండే పొడుగు టేపు. బేస్‌మెంట్‌లో విజిటర్ల పార్కింగ్ ఖాళీ చేయించండి. కార్లు కదలవు, తాళాలు వాచ్‌మన్ చేతిలో ఉండాలి. బైకులని ఇంజన్ ఆపి నెట్టడమే. ఎవరైనా కుర్రాడు ఉత్సాహం కొద్దీ స్టార్ట్ చేయబోతే మొహమాటం లేకుండా దింపేయండి.

అద్దంలో లేని జాగా

ఎస్‌యూవీ ఓనర్‌ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. అద్దాలు ఆయన రోజూ పెట్టుకున్నట్టే ఉండాలి, సరిచేయనివ్వకండి. ఒకరు బైకుని కారు వెనకనుంచి కుడి పక్కగా మెల్లగా నెట్టుకురావాలి. సీట్లో ఉన్నాయన తల తిప్పకుండా అద్దాల్లోనే చూస్తూ, బైకు కనపడినంతసేపు "ఉంది, ఉంది" అంటూ ఉండాలి. "లేదు" అనగానే నేల మీద సుద్దతో గీత కొట్టండి. మళ్లీ "ఉంది" అన్నచోట ఇంకో గీత. ఎడమ పక్క కూడా అంతే. ఆ గీతలు కలిపితే ఒక పెట్టెలా వస్తుంది. అందులో పిల్లల్ని నిలబడమనండి. ఎంతమంది పడతారో సీట్లో ఉన్నాయనే దిగొచ్చి లెక్కపెట్టుకోవాలి. నేనేమీ చెప్పక్కర్లేదు, ఆయన మొహంలోనే తెలిసిపోతుంది.

తర్వాత అద్దాలు సరిచేయించండి. చాలామంది సైడు అద్దంలో సొంత కారు తలుపులు సగం కనపడేలా పెట్టుకుంటారు. మీ కారుని మీరు చూసుకోడానికి అద్దం ఎందుకు? కారు అంచు లీలగా కనపడేదాకా బయటికి తిప్పితే సుద్ద పెట్టె చిన్నదవుతుంది. పూర్తిగా మాత్రం పోదు. ఆ మిగిలిన దానికోసమే లేన్ మారేముందు భుజం మీదుగా ఒకసారి తల తిప్పాలి. ఇది వచ్చినవాళ్లందరి చేతా చేయించండి. సిగ్గుపడతారు, అయినా చేయించండి.

రెండోది ముందు అద్దం పక్కనుండే పిల్లర్. కొత్త కార్లలో ఇది లావుగా ఉంటుంది. సీట్లో మనిషిని అలాగే ఉంచి, బైకుని ముందు కుడి మూలగా ఓ పదిహేను మీటర్ల దూరంలో అటూ ఇటూ జరపండి. ఒకచోట మనిషితో సహా బండి మొత్తం పిల్లర్ వెనకాల దాక్కుంటుంది. కారు తిరుగుతూ, బైకు వస్తూ ఉంటే రెండూ కలిసి కదులుతాయి కాబట్టి అది అలా దాక్కునే ఉండిపోవచ్చు. చేయాల్సింది చిన్నపని: టర్నింగులో కొంచెం ముందుకి వంగి, వెనక్కి జరిగి చూడడం. రౌండు సర్కిళ్లలో, కుందలహళ్లి లాంటి జంక్షన్లలో రోజూ తిరిగేవాళ్లకి ఇది ఒక్కటి అలవాటైనా చాలు.

కుడివైపు తిరిగేటప్పుడు

నా షాపుకి వచ్చే వంగిన ఫోర్కులు ఎక్కువగా ఇక్కడివే, అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను. ఎదురుగా బైకు వస్తోంది, కారాయన దాన్ని చూశాడు, "టైముంది" అనుకుని కుడికి తిప్పాడు. బస్సు వస్తుంటే ఆయనే ఆగేవాడు. చిన్న వస్తువు దూరంగా ఉన్నట్టు, మెల్లగా వస్తున్నట్టు మన కంటికి అనిపిస్తుంది. రాత్రి ఒక్క లైటు వస్తుంటే అది ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం ఇంకా కష్టం. రెండు లైట్లుంటే వాటి మధ్య దూరం పెరగడం చూసి తెలుస్తుంది, ఒక్కదానికి ఆ వీల్లేదు. ఇది మన బెంగళూరు జబ్బు మాత్రమే కాదు. ఒక కస్టమర్ చెబితే తెలిసింది: అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల 900 బైకు ప్రమాదాలని జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో రిపోర్టు ఇచ్చింది. ఇంకో వాహనం కూడా ఉన్న ప్రమాదాల్లో మూడింట రెండొంతులు, ఆ వాహనం వాడు బైకుకి దారి ఇవ్వకుండా అడ్డుపడడం వల్లే జరిగాయని అందులో ఉంది.

దీన్ని టేపుతో చూపించండి. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. నేల మీద 11 మీటర్లు కొలిచి గీత గీయండి. ఒక పార్కింగ్ స్లాట్ ఐదు మీటర్లుంటుంది కాబట్టి రెండు స్లాట్లు దాటి పోతుంది. 60 అయితే దాదాపు 17 మీటర్లు. ఇప్పుడు ఒకరిని "ఒకటీ" అని నిదానంగా అనమనండి. ఆ మాట అయ్యేలోపు బైకు ఈ గీత నుంచి ఆ గీతకి వచ్చేసింది. కుడికి తిరిగే ముందు ఒకసారి చూసి, చూపు పక్కకి తిప్పి, మళ్లీ అదే బండిని చూడమనండి. రెండో చూపులో అది ఎంత పెద్దదైందో చూస్తే వేగం అర్థమవుతుంది. అంతకుమించిన చిట్కా నాకు తెలియదు.

2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైటు ఇంజన్‌తో పాటే పగలు కూడా వెలుగుతుంది, ఆపే స్విచ్ ఉండదు. బైకు కనపడాలనే పెట్టిన రూలు అది. మొదట్లో ఎదురొచ్చేవాళ్లంతా చేతివేళ్లు మూసి తెరిచి "లైటు ఆర్పు" అని సైగ చేసేవాళ్లు. ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. అంటే కనపడుతోందన్నమాట, మంచిదే.

డోరు

ఆగిన కారు దగ్గర టేపు పెట్టి, పూర్తిగా తెరిచిన డోరు ఎంత బయటికి వస్తుందో కొలవండి. చిన్న కారుకే దాదాపు మీటరు. ఆ పక్కన బైకుని నిలబెడితే హ్యాండిల్ సరిగ్గా ఎక్కడ తగులుతుందో అందరికీ కనిపిస్తుంది. మందు కూడా అక్కడే ఉంది: డోరుకి దూరంగా ఉన్న చేత్తో డోరు తీయాలి. డ్రైవర్ సీట్లో వాళ్లు ఎడమ చేత్తో, వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చున్నవాళ్లు కుడి చేత్తో. అలా తీయబోతే ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, కళ్లు వెనక్కి పోతాయి. దీన్ని డచ్ రీచ్ అంటారు, నెదర్లాండ్స్ పేరు మీద. పేరు గుర్తుండక్కర్లేదు, చేయి గుర్తుంటే చాలు. పిల్లలకి ముందు నేర్పండి, స్కూల్ వ్యాన్లో వాళ్లే పెద్దవాళ్లని సరిదిద్దుతారు.

క్యాబుల్లో దిగేటప్పుడే ఇది ఎక్కువ అవసరం. మన దగ్గర క్యాబ్ రోడ్డు మధ్యలోనే ఆగుతుంది, ఫుట్‌పాత్‌కీ క్యాబ్‌కీ మధ్య ఉన్న సందులోంచి స్కూటీలు దూరుతూనే ఉంటాయి. డ్రైవర్లు పాసింజర్‌కి చెప్పడానికి ఒక కన్నడ వాక్యం రాసిస్తాను: "డోర్ తెగ్యో ముంచె హిందె నోడి" (డోరు తీసేముందు వెనక చూడండి). సీటు వెనక స్టిక్కర్‌గా అంటించమని ఇవ్వండి, పైన కన్నడలో, కింద తెలుగులో, హిందీలో. ఇక్కడ బతుకుతున్నాం కాబట్టి కన్నడం ముందుండడమే మర్యాద.

బైకు ఎందుకు వంకర్లు పోతుంది

కారు వాళ్ల ఫిర్యాదు ఇది: "వీళ్లు నిటారుగా నడపరండీ." కొందరు నడపరు, నిజమే. కానీ కారులోంచి కనపడని రోడ్డు ఒకటుంది. ఔటర్ రింగ్ రోడ్డులో సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్.పురం దాకా మెట్రో పనులు జరిగేచోట బ్యారికేడ్లు పెట్టి ఇరుకైన లేన్లు, తవ్వినచోట పరిచిన ఇనప రేకులు, లారీల నుంచి రాలిన ఇసక. కారు వాటి మీద దడదడమని పోతుంది. బైకుకి తడిసిన ఇనప రేకు మీద బ్రేకు పట్టుకుంటే టైరు జారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పడే మొదటి వాన ఇంకా చెడ్డది, రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ కలిసి పేస్టులా అవుతాయి. ముందు బైకు అకస్మాత్తుగా పక్కకి తప్పిందంటే అక్కడ గుంత ఉందని అనుకుని మీరు వదలాల్సింది దూరం, హారన్ కాదు. టేపుతో చూపించిన ఆ పదకొండు మీటర్లు ఇక్కడ గుర్తు చేయండి.

హోసూరు రోడ్డులో పోయేవాళ్లకి ఇంకోమాట. ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు మీద టూవీలర్లకి కూడా టోల్ ఉంది. కాబట్టి లారీలు, బస్సులతో పాటు చాలా బైకులు కింద రోడ్డులోనే. పైనుంచి అదే స్పీడులో ర్యాంపు దిగే కారు నేరుగా బైకుల గుంపులోకి వస్తుంది. దిగుతుండగానే స్పీడు తగ్గించుకోవాలి, దిగాక కాదు.

ఇప్పుడు బైకు వాళ్ల వంతు

కారు వాళ్లకి ఇంత చెప్పాక బైకు వాళ్లు నవ్వుతూ ఉంటారు. వాళ్లనీ అదే ఎస్‌యూవీ సీట్లో కూర్చోబెట్టండి. సుద్ద పెట్టె ఇప్పుడు వాళ్లకే పాఠం: అందులో నిలిచి ఉండొద్దు, దాటాలి, లేదా వెనకుండాలి. 500డి లాంటి సిటీ బస్సు స్టాపు ముందు ఎడమకి వస్తుంటే దానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య దూరడం కంటే ప్రమాదకరమైన పని రోడ్డు మీద ఇంకోటి లేదు. ఆ డ్రైవర్‌కి మీరు కనపడరు, మీకు పక్కకి పోయే చోటూ ఉండదు.

తర్వాత నేను బండ్లు చూస్తాను. మీ దగ్గర మెకానిక్ లేకపోయినా ఈ పరీక్ష ఇద్దరుంటే చాలు. ఒకరు బండి వెనక నిలబడండి. ఇంకొకరు చేతి బ్రేకు ఒక్కటే పట్టుకోవాలి. ఎర్రలైటు పెద్దదవ్వాలి. ఇప్పుడు కాలి బ్రేకు ఒక్కటే, మళ్లీ పెద్దదవ్వాలి. చాలా బండ్లలో కాలితో వెలుగుతుంది, చేత్తో వెలగదు. లివర్ దగ్గరుండే చిన్న స్విచ్ నీళ్లకీ దుమ్ముకీ పోతుంది, ఎవరూ గమనించరు. ట్రాఫిక్‌లో ఎక్కువగా పట్టేది చేతి బ్రేకే కాబట్టి, ఆ మనిషి ఆగుతున్నాడని వెనక కారుకి తెలియదు. స్విచ్ చవకే, పని కూడా కాసేపే. టెయిల్ లైటు మీద నల్ల కవర్ అతికించుకున్నవాళ్లని అందరి ముందే ఊడదీయమనండి. లోపలికి మడిచిన అద్దాలు తెరిపించండి, పార్కింగ్‌లో తగులుతుందని మడిచి అలాగే రోడ్డెక్కేస్తారు.

హెల్మెట్ గురించి రెండే మాటలు. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే నంబరు ఉండాలి. చెవుల పైన ఆగిపోయే టోపీలాంటిది హెల్మెట్ కాదు, పోలీసుల కోసం వేసుకునే వేషం. కర్ణాటకలో జరిమానా 500 రూపాయలు, ఆ టోపీ కూడా ఇంచుమించు అంత ఖరీదే ఉంటుంది. స్ట్రాప్ బిగించకపోతే మంచి హెల్మెట్ కూడా మనిషికంటే ముందే ఎగిరిపోతుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకుంటే వాళ్లకి హెల్మెట్, వాళ్లని పెద్దవాళ్లకి కలిపి కట్టే బెల్టు ఉండాలి, 40 కిలోమీటర్లు దాటకూడదు. 2022లో వచ్చిన ఈ రూలు తల్లిదండ్రులకి చెబితే నాకు తెలిసి చాలామందికి కొత్తగానే ఉంటుంది.

డెలివరీ కుర్రాళ్లని ఈ సభకి పిలవడం కుదరదు. వాళ్లకి ప్రతి నిమిషం డబ్బు. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఆర్డర్లు తగ్గాక గేటు దగ్గర చెట్టుకింద కూర్చుని ఉంటారు. అప్పుడు మంచినీళ్లిచ్చి, బ్రేకు లైటు చూసి పంపించండి, పాఠాలొద్దు. వాళ్లు రాంగ్ సైడులో ఎందుకు వస్తున్నారో ముందు మీ గేటు దగ్గరే చూడండి. లోపల బైకు పెట్టనివ్వకుండా మెయిన్ రోడ్డు మీద ఆపమనే అపార్ట్‌మెంట్లు ఎన్నో. "లేటయింది" అని ఫోన్లో అరిచేదీ మనమే.

గేటు గురించి ఇంకోటి. బేస్‌మెంట్ ర్యాంపు ఎక్కి వచ్చే కారు ముక్కు రోడ్డు మీదకి వచ్చేదాకా డ్రైవర్‌కి పక్క రోడ్డు కనపడదు. అక్కడ ఒక గుండ్రటి అద్దం పెట్టించండి, గోడ మీద అల్లుకున్న కాగితపు పూల చెట్టుని నడుం ఎత్తుకి కోయించండి. గేటు ముందు అసోసియేషనే వేయించిన స్పీడ్ బ్రేకర్‌కి తెల్ల పెయింట్ లేకపోతే రాత్రి బైకు దాన్ని ఎగిరాకే చూస్తుంది. పెయింట్ మీ చేతిలో పనే. కమిటీలో ఎవరైనా "ఇదంతా మన పని కాదు" అంటే అద్దం బిల్లు చూపించండి, ఒక కారు బంపర్ రిపేరు కంటే తక్కువే.

ఎవరైనా పడిపోతే

ఇది లేకుండా సభ ముగించకండి. పోలీసు టెన్షన్‌కి భయపడి జనం చూస్తూ వెళ్లిపోతారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ అనే సెక్షన్ చేర్చారు. గాయపడ్డవాళ్లకి మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదని అందులో ఉంది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. 108కో 112కో ఫోన్ చేయాలి, వెనకొచ్చే బండ్లని ఆపడానికి ఒకరిని నిలబెట్టాలి. మనిషి ఊపిరి పీలుస్తుంటే హెల్మెట్ లాగొద్దు, మెడకి దెబ్బ తగిలుంటే అదే ప్రమాదం. నీళ్లు తాగించొద్దు.

ఆయుధ పూజ రోజు

సభకి ఎవరూ రారని భయంగా ఉంటే మహర్నవమి వరకు ఆగండి. బెంగళూరులో ఆయుధ పూజకి ప్రతి బండీ కడిగి కిందకి తెచ్చి వరసగా పెడతారు, ఓనర్లూ డ్రైవర్లూ అందరూ అక్కడే ఉంటారు. పంతులుగారు వచ్చేలోపు గంట దొరుకుతుంది. బ్రేకు లైటు పరీక్ష, అద్దాల పరీక్ష అప్పుడే అయిపోతాయి. అరటి పిలకలు అద్దాలకీ ఇండికేటర్లకీ అడ్డంగా కట్టకుండా, దండ హెడ్‌లైటు మీద పడకుండా చూడండి. ఆటోలు మూడు రోజుల దాకా వాటితోనే తిరుగుతాయి.

పూజయ్యాక కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయలని రోడ్డు మీద పగలగొడతారు. ఆ గుజ్జు మీద స్కూటీలు జారి పడతాయి. ఈసారి గేటు లోపలే, ఒక మూల పగలగొట్టమని ముందే చెప్పి ఉంచండి. అప్పటికే రోడ్డు మీద పగిలిపోయుంటే ఒక చీపురు, రెండు బకెట్ల నీళ్లు, కాస్త ఇసక. చీకటి పడకముందే ఊడ్చేయించండి, వాచ్‌మన్‌కి ఆ సాయంత్రం ఓ వంద ఎక్కువ ఇవ్వండి.